కవ్వం దాచిన వేసవి

అనార్‌కాన్ పొద్దున్నే ఆడగుర్రాల పాలు పిండి, గుడారం తలుపు పక్కన వేలాడే తోలుతిత్తిలో పోస్తుంది. పులిస్తే అదే కుమిస్. ఆ తిత్తి ఆమె మొగుడు సతార్‌కుల్ గుండెతో పాటే కొట్టుకుంటుంది. పెళ్ళైన నాటి నుంచీ అంతే. అతను గుర్రాన్ని దౌడు తీయిస్తే పాలు పొంగుతాయి, కునుకు తీస్తే సద్దుమణుగుతాయి. కొండమీది సోన్‌కుల్ చెరువు గట్టున అది అందరికీ తెలిసిందే.

వసంతంలో పట్నంలో అతనికి బైపాస్ చేశారు. అయినా తిత్తికి ఎడమవైపు కింద అరచేతి మేర కదలడం లేదు. కొండ దిగువ ఊళ్ళో డాక్టరమ్మ స్కాన్ తీస్తే గుండెలోనూ అదే చోటు.

"కండ చావలేదు తాతా, నిద్రపోతోంది. ఇప్పుడు నెత్తురు అందుతోందిగా, లేవొచ్చు. రోజూ కాస్త నడువు. చలికాలం ముందు మళ్ళీ చూస్తా. అప్పటికీ లేవకపోతే ఇక గుర్రం ఊసెత్తకు."

గుర్రం ఎక్కని సతార్‌కుల్‌ని ఊహించుకోండి! పుట్టి బుద్ధెరిగాక నేలమీద తిరిగిందే తక్కువ.

అనార్‌కాన్‌కి భయం పట్టుకుంది. గుడారంలోకి వచ్చినవాళ్ళెవరైనా కవ్వంతో తిత్తిలో పాలని నాలుగు పోట్లు పొడవాలి, అలా చిలికితేనే పులుస్తాయి, పైగా అది మర్యాద. ఆమె కవ్వాన్ని దుప్పట్ల కింద దాచేసింది. "ముట్టుకోకండి, మా ముసలాయన ప్రాణం" అని వచ్చినవాళ్ళ చేతులు పట్టుకునేది. మొగుణ్ణి పరుపు దిగనిచ్చేది కాదు. వేసవంతా పాలు చప్పగానే ఉన్నాయి. ప్రేమే, కాదనను. ప్రేమకి కాస్త బుర్ర కూడా ఉండొద్దూ!

ఆగస్టులో దోరోన్ వచ్చాడు. గుర్రప్పందెం గొడవతో అతనికీ సతార్‌కుల్‌కీ పదకొండేళ్ళుగా మాటల్లేవు. తప్పిపోయిన గుర్రాన్ని వెతుక్కుంటూ వచ్చినవాడు, గుడారంలో అడుగుపెట్టాక అలవాటు ఊరుకోనిస్తుందా? దుప్పట్ల కిందనుంచి తొంగిచూస్తున్న కవ్వం లాగి దభీదభీమని పొడిచాడు.

"పాలు పాడుచేస్తున్నావేంటి వదినా?"

"అయ్యో, ఆగు!"

పరుపు మీద సతార్‌కుల్ రొమ్ము పట్టుకున్నాడు. అనార్‌కాన్ కవ్వం లాక్కోబోయింది.

"ఆపకురా దొంగసచ్చినోడా!" అని అరిచాడతను. "ఎడమపక్క! ఇంకా కిందకి!"

దోరోన్ చెమటలు కక్కుతూ పొడిచాడు. ఆ కదలని చోట తోలు ఓసారి వణికింది. మళ్ళీ వణికింది. ఆ తర్వాత ఆగలేదు. అనార్‌కాన్ అక్కడ చెయ్యిపెట్టి వెక్కివెక్కి ఏడ్చింది.

మర్నాటి నుంచి కవ్వం తలుపు దగ్గరే ఉంది. దోరోన్ రోజూ వచ్చి పొడిచేవాడు. ఆపైన ఇద్దరూ పాత పందెం గురించి తిట్టుకుంటూ చెరువు దాకా నడిచేవాళ్ళు.

తొలిమంచుకి ముందు సతార్‌కుల్ బస్సులో స్కాన్‌కి వెళ్ళాడు. డాక్టరమ్మ తెరకేసి చాలాసేపు చూసింది.

"లేచింది తాతా! ఏం చేశావేంటి?"

"పగవాడి చేత కొట్టించుకున్నానమ్మా."

ఆసుపత్రి బయట దోరోన్ నిలబడి ఉన్నాడు, పొద్దున్నుంచీ, రెండు గుర్రాలకి జీను కట్టి.