దిబ్బ మీద పారలు

ముల్లు కనిపిస్తే పార ఎత్తడమే భక్తి అని మా చర్చి సంఘానికి ఎవడు నేర్పాడో గాని, వాడి నోట్లో మన్ను పడ!

సోమశిల డ్యాము నీళ్లలో మా పాత ఊరు మునిగాక అనంతసాగరం పక్కన, పెన్న ఒడ్డున మాకు కాలనీ ఇచ్చారు. మా చచ్చినవాళ్లకు ఎవరికీ అక్కర్లేని ఇసుక దిబ్బ ఇచ్చారు. మొదట్లో గాలి లేచిందంటే అన్నంలో ఇసుక, కళ్లలో ఇసుక. దిబ్బ నిన్న ఉన్నచోట ఇవాళ ఉండేది కాదు. కొన్నేళ్లకు దాని మీద ముళ్ల పల్లేరు పాకింది. పల్లేరు చాటున గరిక పట్టింది. గరిక ఇసుకను ఆపాక వెంపలి లేచింది, వెంపలి ఆకు రాలి కుళ్లిన చోట రేగు మొలిచింది. అప్పటికి దిబ్బ కుదురుగా కూర్చుంది. ఎనిమిదేళ్ల నా కొడుకు యేసుబాబు కామెర్లతో పోతే, ఇంక కదలదులే అన్న ధైర్యంతోనే అక్కడ పెట్టుకున్నాం. సిమెంటు సమాధి కట్టే తాహతు మాకెక్కడిది? ఇసుక కుప్ప, తలవైపు కొయ్య సిలువ, అంతే.

ఈస్టర్ తెల్లారగట్ల అందరం కొవ్వొత్తులు పట్టుకుని సమాధుల దగ్గరికి పోతాం. ముందు వారం దిబ్బను బాగుచేయడం మా ఆనవాయితీ. ఏటా కాలికి గుచ్చుకునే ముళ్లు నాలుగు ఏరి వచ్చేవాళ్లం. తొంభై ఆరులో నెల్లూరు నుంచి పెద్ద పాస్టరుగారు వస్తున్నారనేసరికి సంఘపెద్ద డేవిడ్‌రాజుకు పూనకం వచ్చింది. ముళ్లు ఆదాము పాపానికి వచ్చిన శాపమట, పండగనాడు సమాధుల మీద ఉండకూడదట. పల్లేరు, గరిక, రేగు, అన్నీ వేళ్లతో సహా పెరికించి తగలబెట్టించాడు. ఇసుక లేస్తుందని మొత్తుకున్నాను. నాకు విశ్వాసం తక్కువని నవ్వాడు. పెద్దలతో మనకెందుకని నా మొగుడు సామ్యేలు నోరు మూసుకున్నాడు. పాస్టరుగారేమో దిబ్బ ఎంత శుభ్రంగా ఉందో అని మెచ్చుకుని పోయారు. నాకు ఒళ్లు మండిపోయింది.

మే నెల గాలులకు దిబ్బ నడిచింది. నేను పోయి చూసేసరికి కుప్ప లేదు, సిలువ లేదు, అంతా నున్నటి ఇసుక. చేతులతో తవ్వుకుంటూ పోయాను. గోళ్లు విరిగాయి గాని నా బిడ్డ జాడ దొరకలేదు. డేవిడ్‌రాజు వాళ్ల నాయన సిమెంటు సమాధి మాత్రం వేసిన సున్నం చెదరకుండా నిలబడి ఉంది.

డేవిడ్‌రాజు వచ్చి, ఇంచుమించు ఇక్కడే కదా, ఇక్కడే కొత్త సిలువ పాతుకోమన్నాడు. పిల్లాడు ఎక్కడున్నాడో దేవునికి తెలుసని ఓదార్చాడు.

"దేవునికి తెలుసులే అన్నా. నాకు తెలియాల," అన్నాను.

మరుసటేడు దిబ్బ మీద మళ్లీ అక్కడక్కడా పల్లేరు పాకి పచ్చటి పూలు పూసింది. ఈస్టర్ ముందు మళ్లీ పారలతో దిగారు. సిగ్గూ శరం ఉండాలి మనుషులకు! నేను ముందే పోయి అడ్డంగా నిలబడ్డాను. ఈసారి సామ్యేలు కూడా నా పక్కన నిలబడ్డాడు. 

డేవిడ్‌రాజు మెత్తగా మాట్లాడాడు. "ఏంది సుకుమారీ ఈ గోల? నీ కొడుకు సమాధి ఎక్కడుండాదో చూపించు. దాని చుట్టూరా వదిలేస్తాం."

"ఎక్కడుండాదో తెలీకుండా చేసింది నువ్వే గదా. ఇంక ఈ దిబ్బంతా నా బిడ్డ సమాధే. ఎక్కడ పార దించినా వాడి మీద దించినట్టే. దించు, చూస్తా."

పైకెత్తిన పారలు ఇసుకను తాకకుండానే పక్కకు వాలాయి. డేవిడ్‌రాజు తన కాళ్ల కింది ఇసుక వైపు చూసుకున్నాడు. ఎక్కడ అడుగు వేయాలో తెలియక అక్కడే నిలబడిపోయాడు.