ఎండబెట్టిన వేళ్లు

వెదురుబద్ద మురుగుగొట్టంలోకి ఎనిమిది మూరలు పోయి ఆగింది. ఏం అడ్డుకుందో బుల్లయ్య చేతికి తెలుసు. గుడ్డయితే మెత్తగా తగులుతుంది. ఇటుకముక్కయితే ఠంగుమంటుంది. చెట్టువేరయితే బద్దను పట్టుకుని వెనక్కి గుంజుతుంది, అవతల ఎవరో ఉన్నట్టు. ఇది నేరేడు వేరు.

గుంటూరు బ్రాడీపేటలో పిచ్చమ్మ ఇల్లు కట్టి నలభయ్యేళ్లు దాటింది. దొడ్లో నేరేడుచెట్టు, పక్కనే స్నానాలగది, దాని కిందనుంచి పాతకాలపు మట్టిగొట్టాల లైను. అతుకు దగ్గర వెంట్రుకంత సందు దొరికితే చాలు నేరేడుకి. లోపలికి దూరి, తాగి, బలిసి, గొట్టం నిండా అల్లుకుంటుంది. ఏడాదికి రెండుసార్లు నీళ్లు ఎదురుతన్నేవి. రెండుసార్లూ బుల్లయ్యే వచ్చేవాడు. ఇంకొకడికి కబురు పెట్టినా అతనే వచ్చేవాడు. పదహారేళ్లుగా అంతే. వీధిగుమ్మం నుంచి కాదు, వెనక సందులోంచి.

చొక్కా విప్పి గుంటలోకి దిగాడు. నడుందాకా మురుగు. ఛాతీ ఎముకలు లెక్కపెట్టొచ్చు. కుడిచేతికి రెండు గోళ్లు లేవు, మళ్లీ రాలేదు. మెడలో నల్లతాడుకి చిన్న సిలువ. చుక్క పడందే ఈ పనిలోకి ఎవడూ దిగలేడు, దిగకూడదు కూడా. కానీ ఈ ఇంటికొచ్చే రోజు మాత్రం బుల్లయ్య సారా ముట్టడు. కళ్లు తేటగా ఉండాలి.

పిచ్చమ్మ వెనక గడపలో కుర్చీ వేసుకుని కూర్చుంది. సత్తెనపల్లి దగ్గర సొంత మిరపకల్లంలో, కాయలు దాస్తారేమోనని కూలీల ఒడి మీదనుంచి చూపు తిప్పని మనిషి. డెబ్బయ్యేళ్లొచ్చినా ఆ చూపు అంతే.

"పోయినసారి తీసినవే మళ్లీ తోశావేందిరా లోపలికి? ఎక్కణ్ణుంచి వస్తయ్ ఇన్ని వేళ్లు?"

"చెట్టు మీదేగా అమ్మగారూ. నేనా నాటింది?"

"నోరు మాత్రం బాగా లేస్తది."

బుల్లయ్య చేతికందిన వేరునల్లా బురదతోసహా పిసికి చూసి గట్టుమీద వేస్తున్నాడు.

"ఏందిరా ఆ పిసుకుడు? పాలు పిండుతున్నావా?"

"రాళ్లుంటే చెత్తబండోడు ఎత్తడమ్మగారూ."

"బండోడికేం, నీకే మోజు రాళ్లంటే."

ఆమె అనుమానం తప్పు కాదు. అతను వెతుకుతూనే ఉన్నాడు.

పదహారేళ్ల కిందట ఆ స్నానాలగది కడిగింది బుల్లయ్య భార్య ఎలీసమ్మ. ఒక దీపావళినాడు పిచ్చమ్మ నలుగు పెట్టుకుని తలంటుకుంది. సాయంత్రానికి చూసుకుంటే ముక్కు బోసిగా ఉంది. ఎర్రరాయి ముక్కుపుడక. ముందు ఇల్లు వెతికారు. తర్వాత ఎలీసమ్మ కొంగు వెతికారు. తర్వాత జాకెట్టు. బైబిలు తెప్పించి ప్రమాణం చెయ్యమన్నారు. చేసింది. "మీ ప్రమాణాలకేముందిలే, ఆదివారం పోయి కడిగేసుకుంటారు" అంది పిచ్చమ్మ. ఆ వీధిలో ఇంకే ఇల్లూ ఎలీసమ్మని గడప తొక్కనివ్వలేదు. అయిదేళ్ల కిందట మంచంలో పోతూ కూడా అదే మాట: "నీళ్లల్లో పోయుంటది మావా. నువ్వు దిగుతావుగా, చూడు."

చూస్తున్నాడు. బంగారం బరువు. గొట్టంలో పడితే ఎక్కడో వేళ్లకి చిక్కి ఉండి తీరాలి. తడిలో ఏదీ కనపడదు గనక తీసిన వేళ్లను ప్రహరీ పక్కన కుప్పేసి, రెండ్రోజులు ఎండనిచ్చి, మూడోరోజు వచ్చి మట్టిపెళ్లలు చిదిమి చూసి అప్పుడు బండికెత్తేవాడు. ఆ మూడోరోజు రాకే పిచ్చమ్మకి గిట్టేది కాదు. నా లైన్లో వీడికేదో దొరుకుతోంది అని ఆమె కడుపులో మంట.

"ఇక నీతో పని లేదులే" అంది కుర్చీలోంచి. "సోమవారం సిలార్ వస్తన్నాడు. ఈ గొట్టాలన్నీ పగలగొట్టి ప్లాస్టిక్ వేస్తాడంట. దాంట్లో వేళ్లు దూరవంట."

బుల్లయ్య చెయ్యి గొట్టంలోనే ఆగింది. ఇవాళ శనివారం.

మళ్లీ వంగాడు. బద్దకి ఇనపకొక్కెం కట్టి, చెంప మురుగుకి ఆనేదాకా ఒరిగి, ఎప్పుడూ పోనంత లోపలికి పోనిచ్చాడు. పది మూరలు. తగిలింది. కాలు గోడకి తన్నిపెట్టి లాగాడు. దగ్గొచ్చింది, వదల్లేదు. ఊడి వచ్చింది చివరికి, మనిషి పొడుగుంది, గొట్టమంత లావు. పదహారేళ్ల వేరు. తెంపకుండా చంటిబిడ్డను మోసినట్టు రెండు చేతులమీద మోసుకెళ్లి ప్రహరీ పక్కన పడుకోబెట్టాడు. పైన వేలు ఆనించి చూశాడు. అంతా బురద.

"ఎండాక వస్తానమ్మగారూ. సోమవారం పొద్దున్నే. అప్పటిదాకా దాన్ని ఎవర్నీ ముట్టుకోనీమాకండి."

"ఎవడు ముట్టుకుంటాడ్రా ఆ పెంటని?"

అంది గానీ, అతను సందు మలుపు తిరిగేదాకా చూస్తూనే ఉంది. ఎందుకు ముట్టుకోవద్దన్నాడు?

సోమవారం తెల్లారకముందే కుర్చీ వేసుకుంది పిచ్చమ్మ. ఇవాళ చేతిలో పట్టుకుంటాను దొంగనాయాల్ని అని. ఎండ ప్రహరీ దిగింది. బుల్లయ్య రాలేదు. గడ్డపార భుజాన వేసుకుని సిలార్ వచ్చాడు.

"వాడేడిరా, బుల్లయ్య?"

"మీకు తెలీదా అమ్మా? నిన్న చర్చిలో ఉన్నోణ్ణి కంట్రాక్టరు పిలిపించాడు. ఊరి మురుగు పెద్దలైన్లో ముందు దిగినోడు గ్యాసుకి పడిపోతే వాణ్ణి తీద్దామని దిగాడు. ఇద్దర్నీ తాళ్లేసి లాగారు." గడ్డపార దించాడు. "పేపర్లో వేశారుగా. పేరు వెయ్యలేదులే, ఇద్దరు కార్మికులు మృతి అని వేశారు."

"అట్టాగా" అంది పిచ్చమ్మ. "పాపం."

సిలార్ స్నానాలగది వెనక్కి పోయి గచ్చు పగలగొట్టడం మొదలుపెట్టాడు. పిచ్చమ్మ లేచింది. దండెం కర్ర తీసుకుంది. ప్రహరీ దగ్గరికెళ్లి ఇటూ అటూ చూసి, ఎండిన వేరుచుట్టలోకి కర్ర దూర్చి తిప్పింది. మట్టి పొడిపొడిగా రాలింది. ఇంకోసారి తిప్పింది. పెళ్ల ఒకటి విడిపోయింది.

చెయ్యి తనంతట తానే ముక్కు దగ్గరికెళ్లింది. పూడిపోయిన రంధ్రం.

"ఏందమ్మా, పామా?" సిలార్ అటునుంచి కేకేశాడు.

"ఏం లేదు. నీ పని నువ్వు చూసుకో."

కర్ర చేతిలోంచి జారింది. ఎర్రరాయి ఎండకి మెరుస్తోంది, దాని కాడ చుట్టూ సన్నటి నేరేడువేరు రెండు మెలికలు వేసి, ఇంకా గట్టిగా పట్టుకునే ఉంది.