హైమ మొక్కనంది

త్రినాథరావు సినిమాలకు సెట్లు వేసేవాడు. కాకినాడ నుంచి మద్రాసు వెళ్ళి, పరిశ్రమ వెంటే హైదరాబాదు వచ్చి, ఫిల్మ్ నగర్‌లో ఇల్లు కట్టుకున్నాడు. భార్య నాగేశ్వరికి దేవుడంటే ప్రాణం. కూతురు హైమకు మాటలు వచ్చీరాగానే శ్లోకాలు నేర్పింది. దీపం పెట్టే వేళకు ఆ పిల్ల కాళ్ళు కడుక్కుని పక్కన కూర్చోవలసిందే.

తొంభై రెండు వేసవి సెలవుల్లో తండ్రి హైమను స్టూడియోకు తీసుకెళ్ళాడు. అక్కడ అమ్మవారి గుడి సెట్టు వేశారు. పొద్దున హీరోయిన్ ఆ విగ్రహం ముందు ఏడ్చి మొక్కింది. లైట్లు మోసేవాళ్ళు సైతం చెప్పులు విప్పి దణ్ణం పెట్టుకున్నారు. హైమా పెట్టుకుంది. మధ్యాహ్నానికి షూటింగు అయిపోయింది. మర్నాటికి వేరే సెట్టు కావాలని పనివాళ్ళు వచ్చి విగ్రహాన్ని గొడ్డళ్ళతో కొట్టేశారు. లోపల గడ్డి, గోనెనార, రాలిపోయే ప్లాస్టరు.

ఆ సాయంత్రం తల్లి పిలిస్తే హైమ వచ్చింది గానీ చేతులు జోడించలేదు.

"నేనిక మొక్కనమ్మా. పొద్దున నిజంగానే మొక్కాను," అంది.

నాగేశ్వరి బుజ్జగించింది, కసిరింది, చివరికి పిల్ల చేతులు తనే పట్టుకుని జోడించింది. వదలగానే అవి విడిపోయాయి. రోజూ అదే తంతు. పిల్లను అక్కడికెందుకు తీసుకెళ్ళారని మొగుణ్ణి సాధించింది.

ఇంతలో అత్తగారు జగదాంబ వస్తున్నట్టు కబురొచ్చింది. ఆవిడ మడి కట్టుకోనిదే పొయ్యి ముట్టుకోదు. పెంపకం ఇదేనా అని అడిగితే ఏం చెప్పాలో నాగేశ్వరికి తోచలేదు. నాయనమ్మ ఉన్నన్నాళ్ళూ ఊరికే చేతులు జోడించమని కూతుర్ని బతిమాలింది.

జగదాంబ వచ్చిన సాయంత్రమే మనవరాలిని దీపం దగ్గరికి పిలిచింది. హైమ గుమ్మంలోనే నిలబడి, మొక్కడం మానేశానని, ఎందుకు మానేసిందో కూడా చెప్పేసింది. పెద్దావిడ వత్తులు చేసుకుంటూనే అంతా వింది.

"నిజంగా మొక్కినదాన్ని పగలగొడితే కష్టంగానే ఉంటుంది," అంది. "మీ నాన్నా నీ ఈడప్పుడు, వాళ్ళ తాతయ్య పోయాడని దేవుడి మీద అలిగాడు. పెళ్ళయ్యేదాకా గుడి మెట్టెక్కలేదు."

"నువ్వు కొట్టలేదా నాయనమ్మా?"

"కొట్టాను. ఇంకాస్త గట్టిగా అలిగాడు."

హాల్లో త్రినాథరావు పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

తర్వాత వంటింట్లో నాగేశ్వరి తన భయం చెప్పుకుంది. తను పిల్లకు సరిగ్గా నేర్పలేకపోయానంది.

"నీ దీపం నువ్వు పెట్టుకోవే. అది చూస్తూనే ఉంటుంది," అంది జగదాంబ. "దానికి భక్తి వస్తే వస్తుంది. రాకపోయినా మన పిల్లేగా."

నాగేశ్వరికి ముందు ఏడుపొచ్చింది, ఆ వెంటనే నవ్వొచ్చింది. ఇన్ని రోజులుగా తను సరిగ్గా తిండి కూడా తినలేదని అప్పుడు గుర్తొచ్చింది.

మర్నాడు హైమను పిలవలేదు. ఒక్కతే కూర్చుని తీరిగ్గా పూజ చేసుకుంది. హారతి అవుతుండగా పిల్ల వచ్చి పక్కన చేరింది. చేతులు ఒళ్ళోనే ఉంచుకుంది.

"దణ్ణం పెట్టకుండా చక్రపొంగలి తినొచ్చా అమ్మా?"

తినొచ్చంది నాగేశ్వరి. ముందు పిల్లకు పెట్టి, తనూ గిన్నె నిండా పెట్టుకుని, అక్కడే కూతురి పక్కన కూర్చుని తింది.