తొమ్మిదింటికి కూసిన పెర్దీస్

పొద్దున తొమ్మిదింటికి పెర్దీస్ కూసింది.

కోడిపెట్టంత ఉండే ఆ పిట్ట తెలతెలవారుతుండగా కూస్తుంది, పొద్దుగూకాక కూస్తుంది. తొమ్మిదింటికి కూయదు. పేతెన్ అడవిలో, పాత రాజుల గుడుల మధ్య, వచ్చిన జనానికి పిట్టల్ని చూపిస్తూ పందొమ్మిదేళ్లుగా బతుకుతున్న ఒదీలియా చయాక్స్‌కి ఆ సంగతి తెలుసు.

ఆ కూత చివర్లో ఊపిరి చాలక కిందికి జారింది. అదెందుకో కూడా తెలుసు. చిన్నప్పుడు నాన్న దోసిట్లో ఊది ఆ కూత నేర్పినప్పుడు, తమ్ముడు నసారియోకి చివరి ముక్క అందేది కాదు. ముప్పై ఆరేళ్లొచ్చినా ఇంకా అందలేదు.

పాత రాజుల సమాధి గుట్టలు తవ్వి బొమ్మల కుండలు ఎత్తుకుపోయే పని మళ్లీ చెయ్యనని నసారియో పోయినేడు అమ్మ ముందు ఒట్టేశాడు. ఆ పని చేసేవాళ్లు ఒకరికొకరు పిట్టకూతలతోనే కబురు చెప్పుకుంటారు. బుద్ధున్నవాడైతే, ఎవరూ తినని పిట్ట కూతని ఎంచుకుంటాడు. నసారియోకి వచ్చింది ఒక్కటే కూత. అదీ ఊళ్లో ప్రతి మగాడూ చేతిలో పని పారేసి వెంటపడే పిట్టది.

మెట్ల గుడి కింద ఒదీలియా పక్కనే ఉన్న ఎవెలియో అప్పటికే చేతిలో రొట్టె పారేశాడు. అరవై ఏళ్లవాడు, అడవి కాపలాదారు. ఎవరూ వేటాడకుండా, గుట్టలు తవ్వకుండా చూడటం అతని ఉద్యోగం. నాలుగు రోజులుగా రొట్టే చిక్కుడు గింజలే తింటున్నాడు. తుపాకీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

ఆ పిట్ట పొదల్లోంచి బయటికి రాదు. అందుకని అక్కడివాళ్లు కూత వినబడ్డ చోటికి, మోకాలెత్తున గురిచూసి పేలుస్తారు. పొదలో మనిషి గొంతుక్కూచుంటే వాడి గుండె సరిగ్గా ఆ ఎత్తునే ఉంటుంది.

ఇంకా వేళ కాలేదు కదా అంది ఒదీలియా. ఆకలికి వేళేమిటన్నాడు ఎవెలియో. గుడ్లు పొదుగుతోందేమో, పాపం తగులుతుందంది. పొదిగేది నోరెత్తదని నువ్వేగా చెప్పావన్నాడు. పిట్టలు చూడ్డానికి ఆమె వెంట వచ్చిన పళ్ల డాక్టరు లిసాంద్రో అప్పటికే పుస్తకంలో పెర్దీస్ పేరు రాసేసుకుంటున్నాడు. పదేళ్లుగా పెర్దీస్ కోసం తిరుగుతున్న మనిషి. తను ఒక్కసారి కళ్లారా చూశాక పేల్చమని ఎవెలియోని మర్యాదగా అడిగాడు. ఈకలన్నీ మీకే ఇస్తానని ఎవెలియో మాటిచ్చాడు.

రెండోసారి కూసింది. ఈసారి దగ్గర్లో. మళ్లీ చివర జారింది.

ఎవెలియో లేచి తుపాకీ భుజానికి ఆనించాడు. కానీ ఆగాడు. పోయిన ఎండాకాలం ఇలాగే పేలిస్తే ఒకరి కంచరగాడిద పోయింది.

"ఒదీలియా, నువ్వు చెప్పు. పిట్టేనా? నీ మాట మీదే పేలుస్తా."

అడవిలో ఆమె మాటకి తిరుగులేదు. పిట్ట అంటే తమ్ముడు పోతాడు. కాదంటే జైలుకి పోతాడు, ఆరేళ్లకి తక్కువ కాదు. అమ్మకి డెబ్బై ఆరు. ఒదీలియా ఈ లెక్క ఒక్క ఊపిరిలో వేసుకుంది.

"పిట్ట కాదు బాబాయ్. మా నసారియో." తర్వాత పొద వైపు తిరిగి గొంతు పెంచింది. "ఒరే, చేతులెత్తి బయటికి రా. బాబాయ్ నిన్ను కూర వండుకుందామని చూస్తున్నాడు."

ఆవలి వైపు అతని జతగాళ్లెవరో ఇద్దరు పరిగెత్తిన చప్పుడైంది. తర్వాత నసారియో ఒక చెయ్యెత్తి, రెండో చేత్తో గోనెసంచి పట్టుకుని వచ్చాడు.

"రెండు చేతులూ ఎత్తరా," అన్నాడు ఎవెలియో.

"వదిలితే పగుల్తుంది బాబాయ్."

ఆ మాట నిజమే కాబట్టి ఎవెలియో వెళ్లి సంచి అందుకున్నాడు. డాక్టరు పుస్తకంలో రాసుకున్న పేరు కొట్టేశాడు. అసలు పిట్టలు కూడా ఇలా పిలిస్తే వస్తాయా అని అడిగాడు.

"నేనేనని ఎట్టా తెలిసిందే అక్కా?"

"ఊపిరి చివరికి దాచుకోరా అని నాన్న ఎన్నిసార్లు మొత్తుకున్నాడు?"

నసారియో నేల చూశాడు. అమ్మకి నువ్వే చెప్పమన్నాడు. చెప్పనంది. ఒట్టేసిన నోటితోనే చెప్పుకోమంది.

ఎవెలియో అతన్ని మెట్ల మీద కూచోబెట్టి, పొద్దుటి నుంచీ ఏమీ తినలేదని తెలిసి, ముందు చిక్కుడు గింజలు పెట్టి ఆ తర్వాత చేతులు కట్టాడు. పికప్ బండిలో డాక్టరు ముందు సీట్లో ఎవెలియో పక్కన కూచున్నాడు. సాయంత్రం దాకా ఆయన వెంట ఉండాల్సిన ఒదీలియా, క్షమించమని ఒక్క మాట అని వెనక తమ్ముడి పక్కన ఎక్కింది. గోనెసంచి ఒళ్లో పెట్టుకుంది.

ఊరిదాకా నసారియో ముఖం అటు తిప్పుకునే కూచున్నాడు. బండి గుంతలో పడ్డప్పుడల్లా మాత్రం, పట్టుకోడానికి కట్టేసిన చేతులాడక, ఆమె భుజమ్మీదికి ఒరిగాడు. ఆమె జరగలేదు.