ముందే చెప్పేసిన ముగింపు

స్వర్ణముఖికి వరదొచ్చి వాకాడు దారి మూడుచోట్ల తెగిన ఏడు అది. ఏరు మోసుకొచ్చిన చెట్లూ, కొట్టుకొచ్చిన ఇళ్ల కప్పులూ సముద్రంలో తేలుతుంటే, వేసిన వల వేసినట్టే చిరిగిపోయింది. రెండు రోజులు చూసి పెద్దలు పడవల్ని ఇసుక మీదికి లాగించేశారు. ఇక పనల్లా చిరిగిన వలలు బాగు చేసుకోవడమే. ఆడా మగా అంతా వలల పాకలో చేరారు.

అలాంటి రోజులు కామాక్షయ్యవి. మామూలప్పుడు ఆయన నోట మాట రావడం గగనం. అన్నం చాలంటే చెయ్యి అడ్డం పెడతాడు, ఇంకా కావాలంటే కంచం ముందుకు తోస్తాడు. వేట లేని రోజున పాకలో కూర్చున్నాడా, వేరే మనిషి. సముద్రం అడుగున కోటలు లేచేవి, మాంత్రికులు గాలిని కుండలో పెట్టి మూత బిగించేవాళ్లు. చదివింది మూడో తరగతే అయినా నలభై ఏళ్లుగా ఆ పాకలో కథ అంటే కామాక్షయ్యే.

ఈసారి ఆయన గొంతు సవరించుకునేలోపే ముత్యాలయ్య కోడలు సుభాషిణి పుస్తకం తెరిచింది. నెల్లూరు పిల్ల. కాపురానికి వస్తూ మూడు లావు పుస్తకాలు తెచ్చుకుంది, అన్నీ మంత్రాల కథలే. రెండు ఒకాయన రాసినవి, ఒకటి ఒకామె రాసింది. "ఊరికే కూర్చునేదానికన్నా చదువుతా, వింటారా" అంది. విన్నారు. ఆ రోజూ, మర్నాడూ, ఆ మర్నాడూ విన్నారు. మూడో రోజుకు ఆమె రాసింది అయిపోయి, ఆయన రాసిన మొదటిది సగం దాటింది.

నాలుగో రోజు పొద్దున ఎవరి రాత మేలని పంచాయితీ లేచింది.

"నాకు ఆమే ఎక్కువబ్బా," అన్నాడు చిన్నపోలయ్య. "ఆమె రాసిన భూతం మనుషుల్ని చూసి జడుసుకుంటాది. భూతానికే బయముంటే మనకు జాలెయ్యదా?"

"ఆయన ముందు ఆమె యాడ సరిపోతాది," అన్నాడు ముత్యాలయ్య.

పేరమ్మ వల మీంచి తలెత్తింది. కామాక్షయ్య పెళ్లాం. "ఆయనే. ఆయన మాంత్రికుడు ఊరకే మంత్రం వెయ్యడు. వేసినప్పుడల్లా నాలిక మీద ఒక రుచి పోతాది. పులుపు పోయె, తీపి పోయె. ఇంక ఏది పోతాదోనని నాకు పానం పీకతా ఉండాది."

"మా బావ మాంత్రికుడికి ఆ బాదే లేదు," అన్నాడు ముత్యాలయ్య, కామాక్షయ్య వైపు చూస్తూ. "నలబై ఏండ్లుగా ఒక ముద్ద తిన్నెరగడు పాపం. ఎట్టా బతికుండాడో."

పాకంతా నవ్వింది. పేరమ్మ కూడా నవ్వింది. ఆయనా, ఆమే తప్ప మూడో పేరు ఎవరి నోటా రాలేదు. కామాక్షయ్య లాగిన ముడికి దారం పుటుక్కున తెగింది.

మధ్యాహ్నం పులుసు పోస్తూ పేరమ్మ, "పులుపు తెలస్తా ఉండాదా నీకు?" అని తన మాటకు తనే నవ్వుకుంది. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

కంచం దగ్గర్నించి లేచి నేరుగా పాకకే వచ్చాడు. అన్నాల వేళ, ఎవరూ లేరు. పుస్తకం ప్లాస్టిక్ కవరులో చుట్టి దూలానికి వేలాడుతోంది. తీసి వెనక అట్ట చూశాడు. రాసినాయన ఫొటో. కళ్లజోడు, నున్నగా దువ్విన తల. ఈ ముఖం సముద్రంలో మోకాలి లోతు దిగి ఉండదనుకున్నాడు. ఈ మనిషి మాటకా పేరమ్మ ప్రాణం పీకుతోంది?

ఏం చెయ్యాలో అప్పుడే తోచింది. కథకు ప్రాణం చివర్లో ఉంటుంది. ఆ చివర కాస్తా ముందే చెప్పేస్తే పుస్తకం చచ్చిన చేపే. ఇక ఎవరు వింటారు?

పడవ నీడన కూర్చుని చివరి నాలుగు పేజీలు తెరిచాడు. వేలు పెట్టి, అక్షరం మీద అక్షరం కూడబలుక్కుంటూ పోయాడు. ఒత్తు దగ్గర ఆగి, వెనక్కి వచ్చి, మళ్లీ పోయాడు. ఊరిమీదికి వచ్చిన సముద్రాన్ని మాంత్రికుడు ఆపుతాడు. దానికి ఆఖరిదైన ఉప్పు రుచి పోతుంది. ఇంటికొస్తే పెళ్లాం చేపల కూర వడ్డిస్తుంది. ముద్ద నోట్లో పెట్టుకుని, "బాగుంది" అంటాడు. అతనికి ఏమీ తెలియడం లేదని ఆమెకు తెలుసు. ఇంకో గరిటె వేస్తుంది. అంతే, కథ అయిపోయింది.

కామాక్షయ్య వేలు ఆ "బాగుంది" మీదే చాలాసేపు ఉండిపోయింది. నలభై ఏళ్లలో అంత చిన్న మాట తనకు తట్టలేదు. కోటలు కట్టాడు, కోటలు కూల్చాడు. మాంత్రికుణ్ణి ఇంటికి తెచ్చి అన్నం పెట్టించాలని తోచలేదు. అది ఈ కళ్లజోడుకు తోచింది. పుస్తకం టప్పున మూసి, కవరులో చుట్టి మళ్లీ దూలానికి వేలాడదీశాడు.

జనం మళ్లీ పాకలో చేరారు. సుభాషిణి పుస్తకం తెరవబోయింది.

"వాడికి ఉప్పు రుచి పోతాది," అన్నాడు కామాక్షయ్య.

అందరూ తిరిగి చూశారు. ఆయన ఆగలేదు. సముద్రం ఆగడం, చేపల కూర, "బాగుంది" అనడం, ఇంకో గరిటె, అన్నీ చెప్పేశాడు. చెప్పి, వల దగ్గరికి లాక్కున్నాడు. ఇప్పుడు లేచిపోతారు అనుకున్నాడు.

ఎవరూ కదల్లేదు.

"బాగుందన్నాడా," అంది పేరమ్మ మెల్లగా. "అయ్యో పాపం. చదవమ్మా, ఆడ దాకా చదువు. ఆ మాట ఎట్టా అన్నాడో వినాల."

"చెప్పేస్తినిగా," అన్నాడు కామాక్షయ్య.

"చెప్తే?" అంది పేరమ్మ. "నీ కుండలో గాలి కత ఎన్ని తూర్లు విన్యాం? ఆఖరికి కుండ పగలతాదని తెలవకనే వింటిమా ఇన్నేండ్లు?"

ముత్యాలయ్య సన్నగా నవ్వాడు. "మా బావ చేత అక్షరాలు చదివించినాడంటే, ఆ రాసినాయన నిజంగా మాంత్రికుడే."

పొద్దువాలేదాకా సుభాషిణి చదివింది. ఆఖరి పేజీ వచ్చింది. పెళ్లాం వడ్డించింది, అతను ముద్ద పెట్టుకున్నాడు, "బాగుంది" అన్నాడు. ముందే తెలిసిన మాటకే పేరమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. తన కథలకు ఆమె నవ్వింది, ఊఁ కొట్టింది, ఒక్కోసారి కునికింది. ఆ కొంగు మాత్రం ఎప్పుడూ తడవలేదు. కామాక్షయ్య అది చూసి, చూపు సముద్రం వైపు తిప్పుకున్నాడు.

మర్నాడు తెల్లారేసరికి నీళ్లు తేటపడ్డాయి. పడవలన్నీ దిగుతున్నాయి. కామాక్షయ్య మోకాలు నొప్పని చెప్పి ఆగిపోయి, ముత్యాలయ్య గడప దగ్గర నిలబడ్డాడు.

"రెండోది ఇయ్యి."

"ఆయనదేనా మామా?" అంది సుభాషిణి. "నచ్చినాడా?"

"లేదు."

పుస్తకం చంకన పెట్టుకుని ఇంటికొచ్చాడు. పేరమ్మ వాకిట్లో ఎండుచేపలు ఏరుతోంది. ఎదురుగా చతికిలబడి మొదటి పేజీ తెరిచి, వేలు పెట్టి, పైకి చదవడం మొదలుపెట్టాడు. ఒక్కో మాటకూ ఒక చేప ఏరినంత సేపు పడుతోంది. పేరమ్మ చేతిలో చేపలు నెమ్మదిగా కదిలాయి.

మూడో పేజీలో ఒక పడవవాడు తెరచాప ఎత్తి, పడమటి గాలికి ఒడ్డు చేరాడని ఉంది. కామాక్షయ్య వేలు ఆగింది. పడమటి గాలి పడవను సముద్రం లోపలికి తోస్తుందని ఈ ఊళ్లో పాలుతాగే బిడ్డకైనా తెలుసు. అట్ట తిప్పి ఫొటోను ఒకసారి చూశాడు.

"తూర్పు గాలికి," అని గట్టిగా చదివి, తర్వాతి మాట మీదికి వేలు జరిపాడు.