శనివారం ఉపవాసం

కుళాయి సన్నగా కారుతున్నంతసేపూ ఫేబే డ్రమ్ముల దగ్గర నుంచి కదలలేదు. ఊళ్లో నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి. వచ్చినా ఎంతసేపుంటాయో చెప్పలేం. ఒక డ్రమ్ము నిండగానే గొట్టం మడిచి పట్టుకుని, రెండో దాన్ని నడుముతో నెట్టి కుళాయి కిందికి చేర్చింది. పొట్టి మనిషి. గుండ్రటి భుజాలు. ముంజేతుల నిండా నూనె చిట్లిన మచ్చలు, కొన్ని నల్లబడినవి, కొన్ని ఇంకా పచ్చివి. మడమలు ఎండిన బురదలా పగిలి ఉంటాయి. మాట ఎప్పుడూ పైకి రాదు. చర్చిలో పాట పాడేటప్పుడు కూడా పక్కవాళ్లకి ఆమె పెదాలు కదలడమే కనిపిస్తుంది.

గోల్ ఘర్ కూడలి దాటి కాస్త ఎగువన, ఏటవాలు మీద కట్టిన ఆ అకాడమీలో ఆడపిల్లల్ని పరుగు పందేలకి తయారుచేస్తారు. ఫేబే వాళ్లకి వంటమనిషి. వంటగదిని ఆనుకున్న ఇరుకు గదిలోనే ఆమె కాపురం. తండ్రి శ్రీకాకుళం వైపు నుంచి చెక్క మిల్లులో పనికని ఓడెక్కి ఈ దీవులకి వచ్చాడు. ఆమె ఇక్కడే పుట్టింది. హిందీ బడిలో నాలుగక్షరాలు నేర్చింది తప్ప తెలుగు చదవడం రాదు. ఆదివారాలు బైబిలు ఒళ్లో పెట్టుకుని, పాస్టరుగారు చదివే వాక్యం చెవులతోనే పట్టుకుంటుంది.

పెనిమిటి లాజరస్ ఫీనిక్స్ బే రేవులో మూటలు మోసేవాడు. ఓ వానాకాలం పొద్దున్న పడవకీ జెట్టీకీ మధ్య జారిపడి నలిగిపోయాడు. శవపేటిక చుట్టూ ఏడ్చినవాళ్లు సాయంత్రానికి ఎవరిళ్లకి వాళ్లు వెళ్లిపోతే, ఆనందబాబు ఒక్కడే ఆగి, ఆమె తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశాడు. మర్నాడు ఈ పని, ఈ గది ఇప్పించాడు. ఆయన సంఘపెద్ద, అకాడమీకి కోచ్. ఫేబే దేవుణ్ణి తలుచుకున్నప్పుడల్లా వెనకే ఆయన ముఖం కూడా వచ్చేది. ఆ రెంటినీ విడదీసి చూడాలని ఆమెకి ఎప్పుడూ తోచలేదు.

శనివారం పిల్లలకి ఉపవాస ప్రార్థన. పొద్దుగూకేదాకా అన్నమూ లేదు, నీళ్లూ లేవు. పొద్దున్నే వరండాలో కాటా పెట్టి ఒక్కొక్కరినీ కోచే తూచేవాడు. ఆనందబాబు అరిచే మనిషి కాదు. ఇస్త్రీ చెదరని టీషర్టు, మెడలో విజిల్, నెమ్మదైన మాట. "శరీరం చెప్పిన మాట మనం వినకూడదు బేటీ, మనం చెప్పిందే అది వినాలి," అనేవాడు. వినని శరీరాలకి ప్లాస్టిక్ తాడు ఉండేది. పిక్కల మీద కొట్టేవాడు, మేజోడు పైకి లాగితే కనబడనంత కిందగా.

ఆ శనివారం కాటా మీద లవీనా బరువు ఎక్కువ చూపించింది. ఫెరార్‌గంజ్ ఊరి పిల్ల. నల్లగా, పొడుగ్గా, గరిటెకాడల్లాంటి కాళ్లు. పందెంలో అందరికంటే ముందుండేది ఆ పిల్లే, దెబ్బలూ దానికే ఎక్కువ. మెయిన్‌ల్యాండ్‌లో పోటీలు దగ్గర పడుతున్నాయి.

"ఏంటిది లవీనా?"

"బుఖార్ ఉంది సార్. రెండు రోజుల్నుంచి."

"జ్వరంతో బరువు తగ్గాలి కదా," అన్నాడు నవ్వి. మిగతా పిల్లలు కూడా నవ్వారు. నవ్వకపోతే ఏమవుతుందో వాళ్లకి తెలుసు.

ఎండ ఎక్కాక, పిల్లలంతా హాల్లో వాక్యం బట్టీ పడుతుంటే, లవీనా వంటగది గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"ఆంటీ, థోడా పానీ."

"ఇయ్యకూడదు కదమ్మా. సార్ సూత్తే?"

"నాలిక అంటుకుపోతోంది ఆంటీ."

ఫేబే బియ్యం చెయ్యి చీరకి తుడుచుకుని పిల్ల నుదురు ముట్టుకుంది. "ఒలమ్మ, పెనంలాగ ఉందేటే. సార్‌కి మల్లీ సెప్పలేకపోనావా?"

"చెప్పా. బహానా అన్నారు, వంక పెడుతున్నానట."

తనకోసం వండుకున్న అన్నం గంజి గిన్నెలో ఉంది. ఫేబే తలుపు ఓరగా వేసి, ఉప్పురాయి వేసి, మగ్గులో పోసి ఇచ్చింది. లవీనా రెండు చేతులా పట్టుకుని, ఊపిరి తీసుకోకుండా తాగింది. తాగాక మగ్గు తనే కడిగి బోర్లించింది. వెళ్తూ వెళ్తూ, అడక్కుండానే, "నేను చెప్పను ఆంటీ," అంది.

మధ్యాహ్నపు ప్రార్థనకి పిల్లలు వరుసలో నిలబడ్డారు. ఆనందబాబు ఒక్కో ముఖమూ చూసుకుంటూ వచ్చి లవీనా దగ్గర ఆగాడు. పెదవి చివర ఎండిన గంజి, తెల్లని పొరలా. వేలితో గీకి చూశాడు.

"ఎవరిచ్చారు?"

"నేనే తీసుకున్నా సార్."

వంటగది కిటికీ పదడుగుల దూరంలో ఉంది. ఆయన అటు తిరిగి, మామూలు గొంతుతోనే అడిగాడు. "ఫేబే, నువ్వు ఇచ్చావా?"

ఫేబే చేతిలో సగం కోసిన ఉల్లిపాయ. గదిలో చాప, లాజరస్ ఫొటో, ట్రంకుపెట్టె, ఇవన్నీ ఎత్తుకుని ఏ గుమ్మం ముందు నిలబడాలో ఆ క్షణాన ఆమెకి తోచలేదు. నోటికి అలవాటైన జవాబే వచ్చింది.

"నాకు తెలీదు సార్."

"అయితే దొంగతనం," అన్నాడు ఆనందబాబు లవీనాతో. "ఎవరిచ్చారో గుర్తొచ్చేదాకా పరిగెత్తు."

మైదానంలో నీడ అన్నది లేదు. సముద్రం వైపు నుంచి గాలి కూడా ఆగిపోయిన వేళ. లవీనా పరిగెత్తుతోంది. మొదట బాగానే పరిగెత్తింది, పందెంలోలాగే తల కదలకుండా. తర్వాత ఒక భుజం వాలింది. తర్వాత కాళ్లు ఒకదానికొకటి తగలడం మొదలుపెట్టాయి. కిటికీ ముందుకి వచ్చినప్పుడల్లా ఆ పిల్ల ఇటు చూడకుండా మెడ పక్కకి తిప్పుకునేది. ఫేబే ఉల్లిపాయలు కోస్తూనే ఉంది. అవసరమైనవి ఎప్పుడో అయిపోయాయి.

పిల్ల మోకాళ్ల మీద పడి, మట్టి పట్టుకుని లేచింది. అప్పుడు ఫేబే స్టవ్ ఆర్పేసి, చెప్పుల్లేకుండా ఎండలోకి నడిచింది.

"సార్, నానే ఇచ్చినాను. దాన్ని ఆపండి."

ఆనందబాబు కళ్లు మైదానం మీంచి తిప్పలేదు. "తెలుసు," అన్నాడు. "అది తన నోటితో చెప్పాలి." విజిల్ ఊదాడు. "ఇంకో రౌండ్."

ఫేబే ఆయన్ని దాటుకుని పరిగెత్తింది. ఆ శరీరం పరిగెత్తి ఎన్నేళ్లయిందో. ఆమె చేరేలోపే లవీనా పడిపోయింది, ఈసారి చేతులైనా అడ్డం పెట్టుకోకుండా. ఒంటి మీద చెమట లేదు. చర్మం పొడిగా కాలిపోతోంది. కళ్లు తెరిచే ఉన్నాయి. ఫేబే పొద్దున పట్టిన నీళ్లన్నీ బిందెలతో తెప్పించి పిల్ల మీద గుమ్మరించింది. ఆనందబాబు కారు తీశాడు. దారంతా పిల్ల తల ఫేబే ఒళ్లోనే ఉంది.

పెద్దాసుపత్రిలో డాక్టరు మళ్లీ బయటికి వచ్చేసరికి ఫేబే చీర కుచ్చిళ్లు ఇంకా తడిగానే ఉన్నాయి. ఆయన తెలుగువాడు కాదు. ఆనందబాబుకి ఇంగ్లీషులో ఏదో చెప్పాడు. ఫేబేకి అర్థం కానవసరం లేకపోయింది. లోపల నర్సు తెర లాగుతున్న చప్పుడు విన్నది.

ఆనందబాబు ఆమెని వసారా చివరికి తీసుకెళ్లాడు. "జాగ్రత్తగా విను. జ్వరం సంగతి మనకెవరికీ తెలీదు. ఉపవాసం ఆ పిల్ల తనంతట తానే పెట్టుకుంది. గంజి మాట ఎత్తావంటే పోలీసులు పట్టుకునేది నిన్ను. జ్వరంలో గంజి పోసి చంపావంటారు. నీ మంచికే చెప్తున్నా ఫేబే." ఆమె తల మీద చెయ్యి పెట్టాడు. "రా, ప్రార్థన చేద్దాం."

ఆయన ప్రార్థన బాగా చేస్తాడు. కన్నీళ్లు కూడా నిజమైనవే. ఫేబే కళ్లు మూసుకుంది. ఎన్నో ఏళ్లుగా పొయ్యి ముందు, నీళ్ల వరుసలో, పడుకునే ముందు, పిలవగానే పలికినట్టుండే పైనున్న ఆ ఒక్కడూ ఇప్పుడు పలకలేదు. ఆ చేతి బరువు మాత్రం తెలుస్తోంది. ఆమేన్ అనకముందే తల దాని కిందినుంచి తప్పించుకుంది.

చీకటి పడబోతుండగా లవీనా తల్లి దేముడమ్మ వచ్చింది. ఆ శనివారం పిల్లని చూడనిస్తారని మధ్యాహ్నానికి ఫెరార్‌గంజ్‌లో పనులన్నీ తెముల్చుకుని బస్సెక్కి అకాడమీకి వెళ్లిందట. కాస్త నీరసపడింది, ఆసుపత్రిలో ఉందని చెప్పి పంపారు. చేతిలో స్టీలు డబ్బా, మూతకి గుడ్డ కట్టి ఉంది. ఆనందబాబు ఎదురెళ్లి, బెంచీ మీద కూర్చోబెట్టి, దేవుడు తనకి ఇష్టమైన పువ్వుని తెంపుకున్నాడని చెప్పాడు. దేముడమ్మ డబ్బా బెంచీ మీద పెట్టింది. తర్వాత ఆయనకి రెండు చేతులూ జోడించింది.

"మీరు దాన్ని కన్నకూతుర్లా సూసుకున్నారు సార్. అది రోజూ సెప్పీది."

ఫేబే ఆమె ముందు నేల మీద కూర్చుంది.

"అమ్మా, పిల్లకి జొరం. సార్‌కి సెప్పింది. నీల్లు తాగనివ్వలేదు. నాను గంజి ఇచ్చినాను. ఎవులిచ్చారో సెప్పమని ఎండలో పరిగెత్తించాడు. నా పేరు సెప్పలేదు నీ కూతురు. సారు నన్నడిగితే నాను తెలీదన్నాను."

దేముడమ్మ లేచి ఆమెని కొట్టింది. చెంప మీద, తల మీద, వీపు మీద, చెయ్యి ఎక్కడ పడితే అక్కడ. "నువ్వు సంపినావు నా గుంటని. దొంగముండా, నువ్వు పెట్టిన గంజి సంపింది." ఆనందబాబు ఆమెని మెల్లగా పట్టుకుని వెనక్కి లాగాడు. ఆమె ఆయన భుజం మీదే వాలి ఏడ్చింది. ఆయన ఓదారుస్తూనే, ఫేబే వైపు వంగి, ఆమెకి మాత్రమే వినబడేలా అన్నాడు. "నీ సామాను గేటు బయట పెట్టిస్తాను. తీసుకుపో."

ఫేబే పెదవి చిట్లి నెత్తురు కారుతోంది. గోడ పట్టుకుని లేచి, వసారా మొదట్లో బల్ల వేసుకుని కూర్చున్న పోలీసమ్మాయి దగ్గరికి వెళ్లింది. హిందీలో చెప్పడం మొదలుపెట్టింది.

"దీదీ, ఎవరు కొట్టారు?" అంది ఆ అమ్మాయి.

"అది వొదిలీ. పిల్ల మాట రాసుకో."

"ధీరే ధీరే బోలో. షురూ సే."

ఫేబే మొదట్నుంచి చెప్పింది. కాటా, తాడు, పిక్కల మీద మచ్చలు, మేజోడు. కావాలంటే తెర తీసి చూసుకోమంది. తను ఆడిన అబద్ధం దగ్గరికి వచ్చినప్పుడు ఆగలేదు, తగ్గలేదు. ఆ గొంతు అంత పెద్దదని ఆమెకే తెలియదు. వసారాలో రోగుల తాలూకు మనుషులు ఒక్కొక్కరే తిరిగి చూశారు. ఆనందబాబు ఫోను తీసి పాస్టరుగారికి కలిపాడు. పోలీసమ్మాయి పెన్ను ఆపి, "సర్, మీరు ఇక్కడే ఉండండి," అంది. ఆయన చిరునవ్వుతో తలూపి కూర్చున్నాడు.

నర్సు వచ్చి తల్లిని లోపలికి పిలిచింది. తెర మళ్లీ మూసుకుంది. తర్వాత, మేజోడు కిందికి లాగినట్టున్నారు, దేముడమ్మ కేక వినబడింది.

బయట బెంచీ మీద ఆమె తెచ్చిన సున్నుండల డబ్బా ఉంది. గుడ్డ ముడి విప్పలేదు, స్టీలు మీద చుక్కలు చుక్కలుగా కొట్టించిన కూతురి పేరు గోడవైపుకి తిరిగి ఉంది.