అంకినీడు కాళ్ళు కడుక్కున్న రాయి

కాస్త దగ్గరికి జరిగి కూర్చోండమ్మా. కోపం ఎంతున్నా రాతి గొంతు నాది, దూరానికి వినబడదు. నేను ఒక హద్దు రాయిని. డొంక అంచున ఇంత ఎత్తున నిలబడి ఉన్నానే, ఆ నల్లరాయిని. గొర్రెలు ఒళ్ళు గోక్కుంటాయి, కాకులు వాలతాయి, మీలాంటి వాళ్ళు చెప్పులో ముల్లు తీసుకోవడానికి ఆనుకుంటారు. అంతకుమించి నన్నెవరూ పట్టించుకోరు.

కొండ నుంచి నన్ను చీల్చి, ఉలితో నాలుగు పలకలూ చదును చేసి, నెత్తిన అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి గీతలు కొట్టారు. కొలతల వాళ్ళు ఇనుప గొలుసులు ఈడ్చుకుంటూ వచ్చి, ఇటు అంకినీడు వాళ్ళ తాత చేను, అటు డొంక అని చెప్పి మధ్యన నన్ను దించారు. ముప్పైమూడు అడుగుల డొంక అది. రెండు బళ్ళు ఎదురుపడితే ఏ బండీ ఆగక్కర్లేదు. డొంక చివర నలభై కుటుంబాల చెక్కలున్నాయి. అక్కడ ఎకరం ఉన్నవాడే పెద్ద ఆసామి. మిగిలినవాళ్ళవి అరెకరాలూ ముప్పావులూ. వాళ్ళ ఎరువు లోపలికి పోవాలన్నా, పంట బయటికి రావాలన్నా ఆ దారే.

దొంగతనమంటే చీకట్లో జరిగేదనుకుంటారు మీరు. ఈ డొంకను పట్టపగలు, ఎడ్లను అదిలిస్తూ, తత్వాలు పాడుకుంటూ దొంగిలించారు. ఏడాదికి ఒక్క సాలు. సాలంటే ఎంత? జానెడు. జానెడు నేల కోసం పెద్దమనిషితో తగువెందుకని అందరూ ఊరుకున్నారు. తాత ఊరుకోలేదు, తండ్రి ఊరుకోలేదు, అంకినీడూ ఊరుకోలేదు, దున్నుతూనే ఉన్నారు. నేను ఉన్నచోటే ఉన్నాను. వాళ్ళ చేను నన్ను దాటి వెళ్ళిపోయింది. చివరికి మిరపచెట్ల నడుమ నిలబడ్డాను. ఒకరోజు ట్రాక్టరు నాగలి నాకు తగిలి వంగిందని, గొలుసు కట్టి నన్ను పెకలించి, అంకినీడు తన దొడ్లోకి తీసుకుపోయాడు. పంపు కింద వేశాడు, కాళ్ళు కడుక్కోవడానికి. పన్నెండేళ్ళు ఆయన మడమలు నా గీతల మీద రుద్దుకున్నాడమ్మా. ఆయన కాళ్ళకున్న బురద ఏ దారిదో నాకు తెలియదా?

సువార్తమ్మది ఆ నలభై చెక్కల్లో ఒకటి, డొంక అవతల ముప్పావెకరం. బెండ వేస్తుంది. బెండ సంగతి తెలుసుగా, ఇవాళ కోయకపోతే రేపటికి పీచు. సంతకు పోయే ట్రాలీ ఆటో తారురోడ్డు మీద పొద్దున ఏడింటిదాకా ఆగుతుంది. అక్కడికి మైలున్నర. డొంకలో మిగిలిన దారి మనిషి ఒంటరిగా నడవడానికే సరిపోయేది, వానాకాలంలో అదీ ఉండేది కాదు. ఆమె మూడు గంపలు మూడుసార్లు నెత్తిన మోసేది. మూడో గంప చేరేసరికి ఆటో వెళ్ళిపోయేది. ఆ కాయలు గేదెలకు వేసేది. బెండ మానేసి, చెక్క కౌలుకిచ్చి కూలికి పోదామన్నంత వరకూ వచ్చింది పాపం.

అలాంటప్పుడు డొంకకు గ్రావెల్ మంజూరైంది. సువార్తమ్మ అంకినీడు దొడ్లోకి వచ్చింది.

"అయ్యా, నెలాఖరుకి చోటు చూపీకపోతే గ్రావెల్ ఎనక్కి పోద్దంట. మీ చేను పక్కన కాస్త వదలండి."

"ఏందమ్మే వదిలేది? నా చేన్లో డొంకేంది?"

"మా చిన్నప్పుడు బళ్ళు పోయేయి గదయ్యా."

"మీ చిన్నప్పుడు నేనూ చిన్నోణ్ణే, నాకు గుర్తులేదు. హద్దు రాయి చూపీ, రేపే వదిలేస్తా."

ఆ మాటంటూ కుడి మడమ నా నెత్తిన రుద్దుకుంటున్నాడు! అరుగు మీద వత్తులు చేసుకుంటున్న అతని తల్లి భ్రమరమ్మ ఒక్కసారి నా వంక చూసి, మళ్ళీ పత్తిలోకి తల దించుకుంది. కొడుకు మీదకంటే ఆమె మీదే నాకు ఎక్కువ మండింది.

తర్వాత జరిగింది నేను చూడలేదు. నన్ను మోసుకెళ్ళిన ఆడవాళ్ళు దారిపొడుగునా చెప్పుకుంటుంటే విన్నాను. డొంక హద్దు తేల్చడానికి సర్వేయరు వచ్చాడట. డొంక చివరి రాయి నుంచి కొలిచి, "ఇక్కడెక్కడో ఉండాలి, కానీ రాయి లేకుండా నేను సంతకం పెట్టలేను" అన్నాడట. అంకినీడు మీసాల్లో నవ్వుకున్నాడట.

"రాయి పోతే పోయింది సారూ, కింద బొగ్గులుంటాయి, తవ్వండి" అంది సువార్తమ్మ.

"బొగ్గులేంటమ్మా?"

"మా తాత మీ ఆఫీసోళ్ళ గొలుసు మోసినోడు. రాయి పాతేముందు గుంటలో బొగ్గులూ కుండపెంకులూ పోసేవోళ్ళంట. రాయి పీకేవోడు గుంట తవ్వడు, బొగ్గు ఎన్నాళ్ళైనా చివికిపోదు అనేవోడు."

"నా మిరపచెట్లు పీకితే ఊరుకునేది లేదు" అన్నాడు అంకినీడు.

"నాలుగు చెట్లు గదయ్యా. బొగ్గు దొరక్కపోతే నా బెండచెట్లు నలభై పీక్కో."

మొదటి గుంటలో ఏమీ లేదు. రెండో గుంటలోనూ లేదు. మూడో గుంటలో మోకాలి లోతున మట్టి నల్లబడింది. సర్వేయరు గొంతుకూర్చుని వేళ్ళతో నలిపి చూశాడు. బొగ్గు, పెంకులు. ఇక కొత్త రాయి తెప్పించాలని అనుకుంటుంటే అప్పుడు గట్టు మీద నిలబడి చూస్తున్న భ్రమరమ్మకు నోరొచ్చింది. "కొత్తదెందుకు, పాతది మా పంపు కింద ఉందిగా" అంది. ముందే అని ఉంటే ఎన్ని గంపల బెండకాయలు సంతకు చేరేవి!

నలుగురు ఆడవాళ్ళు మోకులు కట్టి, దుంగకు వేలాడదీసి నన్ను మోసుకొచ్చి నా గుంటలో దించారు. గ్రావెల్ పడింది. ప్రారంభం రోజున నా నెత్తిన కొబ్బరికాయ కొట్టారు. దండ వేసింది ఎవరికో తెలుసా? అంకినీడుకి! "డొంక బాగుపడాలని మొదట్నుంచీ నా కోరిక" అని మైకులో చెప్పాడు. చప్పట్లు కొట్టారు. ఇన్నేళ్ళు దారి తిన్నావేమయ్యా అని ఒక్కరూ అడగలేదు. సువార్తమ్మ ఆ మీటింగుకు రాలేదు, ఆ రోజు కోత ఉంది. గ్రావెల్ కూడా ఆమె గట్టుదాకానే వచ్చింది. అవతల పదిహేను కుటుంబాలకు ఇంకా బురదే.

మొన్న దుక్కికి ట్రాక్టరు వచ్చింది. "ఇంకాస్త ఇటు, ఇంకాస్త" అని అంకినీడు డ్రైవరుకు చెయ్యి ఊపుతున్నాడు. నాగలి నన్ను రాసుకుని డొంకలోకి దిగబోతోంది. సువార్తమ్మ బెండ కోత వదిలేసి పరుగున వచ్చి, ట్రాక్టరు ముందు నిలబడింది.

"జానెడే గదమ్మే, అడ్డం లెగు" అన్నాడు అంకినీడు.

"జానెడే గదయ్యా. అయితే నీ చేన్లోంచి నాకో జానెడు రాసియ్యి, లెగుస్తా."

డ్రైవరు కిసుక్కున నవ్వాడు. ట్రాక్టరు వెనక్కి తిరిగింది.

నేను రాయిని, మీ ఊరిదాకా రాలేను తల్లీ. మీరు వెళ్ళి చెప్పండి. డొంక దానంతటది సన్నబడదని, ఒకడు తింటుంటే నలుగురు తల దించుకుంటేనే సన్నబడుతుందని చెప్పండి. సువార్తమ్మ ట్రాక్టరుకు అడ్డం నిలబడిందని పేరు పెట్టి మరీ చెప్పండి.